వీధి వైపు చూసిన చెప్పులు

నేను ఒక ఎడమకాలి చెప్పును. నవ్వకండి! కుడికాలిది కూడా పక్కనే ఉంది గానీ, దానికి మాటలు తక్కువ. అందుకని ఇద్దరి కథా నేనే చెప్పాలి.

రాయగడ బజారులో పాత టైరు ముక్కలోంచి పుట్టాం. నీలవేణి పాదాలు రెండూ ఒక్క కొలతవి కావు, అందుకే వాళ్ళమ్మ మమ్మల్ని ప్రత్యేకంగా కుట్టించింది. నీలవేణికి ముప్ఫై దాటాయి, మనసు మాత్రం చిన్నపిల్లదే. సొంతింటికొస్తే మా ముక్కులు గుమ్మం వైపు పెడుతుంది. పరాయింటికెళితే వీధి వైపు తిప్పుతుంది, లేచి వచ్చేయడానికి వీలుగా. ఆ పద్ధతి ఎవరు చెప్పినా మార్చదు.

అమ్మ పోయింది. "కొట్టు చూసుకోనా, దీన్ని చూసుకోనా?" అని అన్న గౌరీసు ఆమెను దూరంగా ఏదో హాస్టల్లో వేద్దామనుకున్నాడు. నీలవేణి అప్ప అని పిలిచే అక్క వరహాలు మండిపడి, పార్వతీపురంలో తన ఇంటికి రైల్లో తీసుకుపోయింది. సీటు కింద కునికిపాట్లు పడుతూ నేనూ వెళ్ళాను. ఒడిశా ఎక్కడ అయిపోయిందో, ఆంధ్ర ఎక్కడ మొదలైందో నాకు తెలీలేదు. అవే కొండలు, అదే మబ్బు, అదే తడిమట్టి వాసన.

మనుషులకి మాత్రం బాగా తెలుసు సుమండీ! అన్న అక్కడి కోర్టులో, అప్ప ఇక్కడి కోర్టులో, గార్డియన్ నేనంటే నేనని కేసులేశారు. గార్డియన్ ఎవరైతే వాళ్ళు పెట్టిన చోటే నీలవేణి ఉండాలి. అయితే ఆమె అసలు ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం కోర్టే కేసు వినాలట.

వరహాలు బట్టలు కుట్టి బతికే మనిషి. దీపాలవేళ మమ్మల్ని మెల్లగా లోపలికి తిప్పేది. తెల్లారేసరికి నీలవేణి మళ్ళీ బయటికి తిప్పేసేది. పాపం, వరహాలు ముఖం చూడలేకపోయేదాన్ని.

పార్వతీపురం జడ్జిగారు అడిగారు: "ఏమ్మా, చెల్లెలు మీ ఇంట్లో ఉంటున్నట్టా, చుట్టపుచూపుగా వచ్చినట్టా?"

ఉంటున్నట్టేనని చెప్పమని వకీలు నూరిపోశాడు. వరహాలు, నీలవేణి కోర్టు తలుపు దగ్గర విడిచిన మా వైపు చూసింది.

"అబద్ధమెందుకు బాబూ... మా ఇంట్లో దాని చెప్పులింకా వీధి వైపే చూస్తున్నాయి," అని సంగతంతా చెప్పేసింది. వకీలు తల పట్టుకున్నాడు.

"అయితే ఇది మేం వినే కేసు కాదమ్మా. రాయగడ వెళ్ళండి," అన్నారు జడ్జిగారు.

రాయగడ ఇంటి ముందు ఆటో దిగగానే నీలవేణి మా ముక్కులు లోపలికి పెట్టి గబగబా వెళ్ళిపోయింది. వెనక వరహాలు, ఆవిడ కుట్టుమిషను. ఆవిడ మాత్రం చుట్టంలా తన చెప్పులు వీధి వైపే విడిచింది.

"అక్కడ ఓడిపోయావుగా, మళ్ళీ ఎందుకొచ్చావే?" అన్నాడు గౌరీసు.

"ఇక్కడి జడ్జిగారిని అడుగుతానన్నయ్యా. అందాకా దీన్ని చూసుకుంటూ ఇక్కడే కుట్టుకుంటాను."

గౌరీసు ఏదో అనబోయాడు. ఈలోగా నీలవేణి బయటికొచ్చి, వంగి, అప్ప చెప్పులు రెండూ లోపలికి తిప్పి మా పక్కన పెట్టింది. గౌరీసు వెళ్ళి, లోపలికి మొయ్యడానికి మిషనుకి రెండో వైపు పట్టాడు.

రాయగడ కోర్టులో వరహాలునే గార్డియన్‌గా పెట్టమని గౌరీసే చెప్పాడట, జడ్జిగారూ సరేనన్నారట.

ఇప్పుడు నా పట్టీ తెగింది. మెట్ల కింద కలలు కంటూ పడున్నాను. నీలవేణికి కొత్త జత వచ్చింది. అయినా రోజూ ఒకసారి వంగి, నా ముక్కు లోపలికే ఉందో లేదో చూసి పోతుంది.