ఏడు టన్నుల కారు, ముందు గుమ్మం

అధ్యక్షులవారి విదేశ ప్రయాణానికి పది రోజుల ముందే ఆ హోటల్లో దిగినవాడు తూకం. భద్రతా విభాగంలో ఏర్పాట్ల అధికారి. మంచినీళ్లనైనా తూచిగాని తాగడని తోటివాళ్లు పెట్టిన పేరది. మూడు అంతస్తుల గదులు, సరుకుల విమానంలో వచ్చిన ఏడు టన్నుల కవచం కారు, అధ్యక్షులవారి గ్రూపు రక్తం నింపిన ఐసుపెట్టెలు, వీధిలో మ్యాన్‌హోళ్ల మూతలు బిగించే వెల్డర్లు, అన్నీ అతని చేతిమీదుగానే నడిచాయి. రెండు రోజుల బసకు ఒక చిన్న ఊరు ఏడాదిపాటు బతికేంత ఖర్చు. ఇంతా చేస్తే పత్రికల్లో ఫొటో పడేది మాత్రం కారు తలుపు తీసేవాడిది. ఆ తీసేవాడు అతని తోడల్లుడు.

"చెల్లి ఇప్పుడే ఫోన్ చేసిందండీ," అంది ఫోన్లో భార్య. "ఈసారీ తలుపు తీసేది మరిదిగారేనా? ఎంత ఠీవిగా నిలబడతారో ఆయన!"

"నేనేమైనా పడుకుని ఉంటున్నానా?"

"మీరు కనబడరుగా!"

ఆ పూటే కాపలా జాబితా తిరగరాశాడు. ముందు గుమ్మం తనకు. మాసిన దుప్పట్ల బళ్లు నిలిపే వెనక గుమ్మం తోడల్లుడికి.

"నన్ను మురికి బట్టల్లో పడేశావేంటన్నయ్యా?"

"అత్యవసర ద్వారం తమ్ముడూ. నమ్మకస్తుడు కావాలి."

"నీ నమ్మకం కాస్త వాసనొస్తోంది," అని నవ్వాడు తోడల్లుడు. ఆ నవ్వు కూడా అందంగానే ఉంది. తూకానికి ఒళ్లు మండిపోయింది.

రాకకు ముందురోజు కవచం కారులో ఇసుక బస్తాలు వేసి గుమ్మందాకా నడిపి చూడటం వాళ్ల విభాగం ఆనవాయితీ. ఆ సాయంత్రం తూకం దర్జీ దుకాణంలో కొత్త కోటు సరిచేయించుకుంటూ ఉండిపోయాడు. తోడల్లుడిచేత మామూలు కారొకటి నడిపించి, సరిపోయిందని సంతకం పెట్టేశాడు.

మర్నాడు విమానం దిగిందన్న కబురు వచ్చాక, పక్కన నిలబడ్డ హోటల్ ఇంజనీరు మాటవరసకు అడిగాడు. "మీ కారు బరువెంత సార్?"

"ఏడు టన్నులు."

"ఈ పోర్టికో కింద సెల్లారుంది సార్! నాలుగు దాటితే నాది పూచీ కాదు."

ఇరవై నిమిషాలే ఉంది. ఆఖరి గంటలో కాపలా మనుషుల్ని మార్చకూడదు. జాబితాలో లేని మొహం కనబడితే స్థానిక పోలీసులు తుపాకులెత్తుతారు. మార్చగలిగింది కారు దారి ఒక్కటే. నోరు మెదపకపోతే? నాలుగన్నది ఇంజనీరు పిరికితనమేమో! ఆ ఆలోచన క్షణంసేపు తియ్యగా ఊరించింది. మైకు నోటిదగ్గరకు తెచ్చుకున్నాడు.

"కవచం కారు వెనక గుమ్మానికి పోనివ్వండి. ముందుకు ఖాళీ కారు పంపండి. బయటివాళ్లకు తెలియకూడదు."

ఖాళీ కారు వచ్చి ఆగింది. కెమెరాలన్నీ ఒక్కసారిగా మెరిశాయి. తూకం ఠీవిగా నడిచి, తలుపు తీసి, వంగి నిలబడ్డాడు. ఎవరూ దిగలేదు.

"ఎక్కడయ్యా మీ దొరగారు, జేబులో పెట్టుకున్నావా?" అని అరిచాడో విలేకరి. నవ్వులు.

అంతలో చెవిలో తోడల్లుడి గొంతు వినిపించింది. "అధ్యక్షులవారిని క్షేమంగా లోపలికి తీసుకొచ్చానన్నయ్యా. దారి ఎవరు మార్చారని అడిగారు. మా అన్నయ్యే ప్రమాదం పసిగట్టాడని చెప్పా. బస్తాల మాట ఎత్తలేదులే. నీతో చేయి కలపాలంటున్నారు, రా."

తూకం ధడాలున తలుపు వేశాడు. "వస్తున్నా తమ్ముడూ," అన్నాడు, ఆ మంచితనమైనా ముందు తనకు తట్టలేదే అని కుళ్లుకుంటూ.