ఎవరి బిందె ఎవరి గుడిసెలో

మాదాపూర్ గుట్టల్లో ఆ పెద్ద అద్దాల మేడ లేస్తున్న రోజులవి. దాన్ని కట్టే కూలీల గుడిసెలకు రోజూ పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ వచ్చేది. మొదట్లో గుడిసెల ముందే ఆగేది. ఓ రోజు ఎవరో మహాతల్లి బిందె చంకనెత్తుకుని నాలుగడుగులు ఎదురెళ్లి, అందరికన్నా ముందు నింపుకుంది. మర్నాడు ఇంకొకామె మలుపు దాకా పోయింది. చూస్తుండగానే ఆడవాళ్లంతా హఫీజ్‌పేట్ రోడ్డు దాకా ఉరకడం మొదలుపెట్టారు. డ్రైవర్‌కేం, పైపు అక్కడే విప్పేవాడు. ఎవరికీ ఒక్క చుక్క ఎక్కువ దక్కలేదు, మోసే దూరం మాత్రం పెరిగింది.

ఆ గుడిసెల్లో పెద్దామె కొమురమ్మ మోకాళ్లు మొరాయించాయి. నెలలు నిండుతున్న కోడలు స్వప్నే మోయాలి. ఆ దిగులుతోనే కొమురమ్మ అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట ఎవరూ ఎదురు పోవద్దని మైసమ్మ మీద ఒట్టు వేయించింది.

తెల్లారి హారన్ వినపడింది. అందరూ గుడిసెల ముందే ఉన్నారు, ఒకరి కాళ్లు ఒకరు చూసుకుంటూ. పక్కింటి అంజమ్మ కొంగు దోపుకుంది. అంతే, కొమురమ్మ నోరు జారింది.

"స్వప్నా, ఉరుకు!"

అందరూ ఉరికారు. మలుపులో కంకర మీద స్వప్న జారిపడింది. దేవుడి దయ, కడుపుకేం కాలేదు. పెళ్లిలో పేరు చెక్కించిన స్టీలు బిందె మాత్రం సొట్టపోయింది.

కొమురమ్మ సిగ్గుతో కుమిలిపోయింది. కానీ ఎంత ఆలోచించినా లెక్క ఒక్కటే తేలింది. మిగతావాళ్లు ఆగితే ఉరికినామెకే ముందు నీళ్లు. వాళ్లు ఉరికితే ఆగినామెకు ట్యాంకర్ అడుగున మిగిలిన బురద. ఎటు చూసినా ఉరకడమే మేలు. ఇక ఒట్టు ఎక్కడ నిలుస్తుంది?

సాయంత్రం తన బిందెలన్నీ తీసుకెళ్లి అంజమ్మ గుడిసెలో పెట్టింది.

"నీ బిందెలు నాకియ్యి. రేపు నువ్వు ఉరికితే నిండేది నావి. మా స్వప్న ఉరికితే నిండేది నీవి."

అంజమ్మ ముందు నోరెళ్లబెట్టింది, తర్వాత పగలబడి నవ్వింది. ఆ మాట గుడిసె గుడిసెకూ పాకి, దీపాలు పెట్టేలోగా వాడలో ఏ గుడిసెలోనూ సొంత బిందె లేదు.

మర్నాడు రోడ్డు మీద హారన్ మోగింది. ఎవరూ లేవలేదు. మళ్లీ మోగింది. కాసేపటికి ట్యాంకర్ మూలుగుతూ గుడిసెల ముందుకే వచ్చింది.

"ఏందమ్మా, ఇయ్యాల ఒక్కలు గూడ రాలే?" అని డ్రైవర్ విసుక్కున్నాడు.

అంజమ్మ సొట్టబిందె నింపి తెచ్చి స్వప్న గడపలో దించింది. స్వప్న అత్త మొహంలోకి చూసింది.

"అత్తా, ఇయ్యాల గూడ ఉరుకుమంటవేమో అనుకున్న."

కొమురమ్మ తల దించుకుంది.

"నోటిదాకా వచ్చింది బిడ్డా. మన బిందె గాదని ఆగిన."