పక్క వాకిలి వంతు

"ఇటుకలకు చెప్పేసినా అంటే చెప్పేసినా. మధ్యాన్నానికి వస్తాయి," అన్నాడు వీరభద్రం మళ్ళీ.

"రానీండి. ఎక్కడ దించమంటారు? కుట్టు మిషను మీదనా?" అంది సత్యభామ, పెనం మీద దోసె తిరగేస్తూ.

"కళ్యాణి మిషను హాల్లోకి మార్చుకుంటాది. టీవీ పక్కన చోటుండాది కదా."

"ఆ టీవీ పక్కనే కదా మీరు లుంగీ ఎగ్గట్టుకొని పేపరు చదివేది. జాకెట్టు కొలతలిచ్చే ఆడోళ్ళంతా మిమ్మల్ని దాటుకొని పోవల్లనా?"

"నేను లోపల చదువుకుంటాలే."

"లోపల అంటే యాడ? వంటింట్లోనా? అయితే ఈ దోసెలు కూడా మీరే పోయండి."

పక్క గదిలో మిషను చప్పుడు ఆగింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మాట ఆపేశారు. చప్పుడు మళ్ళీ మొదలయ్యాక వీరభద్రం గొంతు తగ్గించాడు. "ఒక తలుపు మూస్తే కొంపేమీ మునగదు."

"మీ కొంప మునగదు," అంది సత్యభామ. ఆ దోసెను అతని పళ్ళెంలో కాకుండా కొడుకు పళ్ళెంలో వేసింది.

నరేశ్ ఎలక్ట్రానిక్ సిటీ బస్సు అందుకోవాలి. ఒక బూటు వేసుకొని, రెండోది పక్కన పెట్టుకొని తింటున్నాడు. "రూలు పెట్టింది నువ్వే కదా నాయనా. మా మేనేజరు కూడా ఇంతే. ఆయన రూలు ఆయనకే తగులుకుంటే ఆ రోజు మీటింగ్ క్యాన్సిల్," అన్నాడు.

"నీ బస్సు పోతాది, చూస్కో," అన్నాడు వీరభద్రం.

రూలు పెట్టింది నిజంగా వీరభద్రమే. మారతహళ్ళి వెనక ఆ లేఅవుట్లో ఇళ్ళు లేచాయి కానీ వీధి దీపాలు, చెత్త ఎత్తేవాళ్ళు వాటి వెంట రాలేదు. ఎన్ని అర్జీలు పెట్టినా "మీ వంతు వస్తుంది" అనేవారు కార్పొరేషన్ ఆఫీసులో. చివరికి ఇంటి సైట్ల ఓనర్లే ఒక అసోసియేషన్ పెట్టుకున్నారు. దీపాలు, రాత్రి కాపలా, చెత్త బండి, వీటికోసం ఓనర్లంతా ఏడాదికోసారి తలా ఇంత వేసుకోవాలని తీర్మానించారు. చందా అంటే ఇష్టమున్నవాళ్ళే ఇస్తారని, పన్ను అంటే ఉన్న పన్నులు చాలవా అని కొట్లాడతారని, కన్నడం వాళ్ళు దానికి వంతిగె అని పేరు పెట్టారు. తెలుగిళ్ళలో అది వంతు అయింది.

ఎవరికెంత అన్న దగ్గర చిక్కు వచ్చింది. బసవరాజు "ఒక సైటుకు ఒక వంతు" అన్నాడు. అతనికి ఉన్నది ఒకటే సైటు. అందులో నాలుగు పోర్షన్లు వేసి, నాలుగు గేట్లు పెట్టి, నలుగురికి బాడిగకిచ్చాడు. ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరయిన వీరభద్రానికి ఆ లెక్క నచ్చలేదు. లేచి నిలబడి, "చెత్త బండి ఎన్ని వాకిండ్ల ముందర నిలబడతాదో అన్ని వంతులు. న్యాయం అది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బసవరాజు కాసేపు మీసం దువ్వుకొని, సరేనన్నాడు.

తర్వాత బండి తోసే నంజమ్మను, ఎక్కడెక్కడ ఆగుతావు తల్లీ అని అడిగి పట్టీ రాశారు. నీళ్ళ ట్యాంకు దగ్గర బోర్డుకు అంటించిన ఆ పట్టీలో వీరభద్రం పేరు ఎదురుగా రెండు వంతులున్నాయి. పొరపాటు పడ్డారనుకొని వీరభద్రం బసవరాజును అడిగాడు.

"రెండోది మీ చెల్లెలి వాకిలప్పా. గుడ్డ పేలికలు దినామూ అక్కడే వేస్తాది. రూలు మీదే," అన్నాడు బసవరాజు. నవ్వకుండానే అన్నాడు గానీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

వీరభద్రం ఆ వాకిలిని నిజంగానే మరిచిపోయాడు. ఇల్లు మూలమీద ఉంది. ముందు వాకిలి పెద్ద రోడ్డు మీదికి, పక్క వాకిలి సందులోకి తెరుచుకుంటాయి. అతని లెక్కలో పక్కది వాకిలే కాదు, చెల్లెలి గది. రెండో వంతు ఇవ్వడం అతనికి బరువు కాదు. ఒక ఇంటిని రెండిళ్ళుగా బోర్డు మీద రాశారే అన్నది బరువు. నలుగురిలో నవ్వులపాలవడం ఇంకో బరువు. తలుపు తీసేసి గోడ కట్టేస్తే ఇల్లు మళ్ళీ ఒకటవుతుందని తేల్చుకున్నాడు.

కళ్యాణి అతనికి ఒక్కతే చెల్లెలు. భర్త తుమకూరులో వేరే సంసారం పెట్టుకున్నాక అన్న ఇంటికి వచ్చేసింది. అంతకు ముందే కదిరిలో తండ్రి ఇల్లు అమ్మారు. అప్పుడు ఆమె తన భాగం విడిగా అడగలేదు. ఆ డబ్బు ఈ ఇంటి గోడల్లో కలిసిపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

వచ్చిన కొత్తలో ఆమె హాల్లోనే మిషను పెట్టుకుంది. ఎవరైనా జాకెట్టు గుడ్డ పట్టుకొని వస్తే వీరభద్రం పేపరు మడిచి, లుంగీ దించుకొని, లేచి బయటికి పోయేవాడు. పోతూ ఏమీ అనేవాడు కాదు. ఆ అనకపోవడమే కళ్యాణికి కష్టంగా ఉండేది. మందుల షాపుకు పోవాలన్నా, ఊరికే వీధి చివరిదాకా నడిచి రావాలన్నా హాలు దాటాలి. హాలు దాటితే "యాడికి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ప్రేమతో అడిగిందే. అయినా ప్రతిసారీ జవాబు చెప్పుకోవాలి.

చివరికి సత్యభామే మొగుడి వెంటబడి సందు వైపు గోడకు తలుపు పెట్టించింది. కళ్యాణి చిక్కపేట పోయి గొళ్ళెం, తాళం తనే ఎంచి తెచ్చుకుంది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆమె నడక కూడా మారిందని సత్యభామ అనుకుంటూ ఉంటుంది.

మధ్యాన్నానికన్న ఇటుకలు సాయంత్రానికి వచ్చాయి. సందులో, మెట్ల పక్కన, ఇల్లంతా నీళ్ళు పట్టుకునే కొళాయి దగ్గర దించిపోయారు. ఎదురు పీజీ హాస్టల్లో ఉండే ఫర్హానా చుడీదారు కోసం వచ్చి, ఇటుకలను దాటుకొని మెట్టెక్కింది.

"ఏంటి ఆంటీ, రూమ్ ఎక్స్‌టెండ్ చేస్తున్నారా?"

"లేదమ్మా, చిన్నది చేస్తాండారు," అంది కళ్యాణి దారం కొరుకుతూ.

అంతలో బసవరాజు అటే వచ్చాడు. ఇటుకలను చూసి అతని మొహం మారింది. తను వేసిన ఎత్తు ఇంతదాకా పోతుందని అతను అనుకున్నట్టు లేదు. మెట్టు కిందే నిలబడి, "ఏమమ్మా, మీ అన్న సీరియస్సుగా తీసుకున్నాడా? సుమ్నే, ఊరికే ఉండమని చెప్పు. నేను కమిటీలో మాట్లాడినాను. నీ వాకిలి లెక్కలో నుంచి వదిలేస్తాము," అన్నాడు.

"ఎందుకు వదిలేయల్ల అన్నా?"

"పాపం, ఒక్కదానివి. కుట్టుకొని బతికేదానివి. ఇంతమందిలో ఒక వంతు తక్కువైతే ఏం పోతాది?"

కళ్యాణి మిషను దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. "దీపం నా వాకిలి ముందరా వెలుగుతాది. బండి నా కాడా నిలబడతాది. నన్ను వదిలేస్తే వాచ్‌మన్ నా తలుపు కాడికొచ్చి కండ్లు మూసుకుంటాడా?"

ఫర్హానా నవ్వాపుకోలేక చుడీదారు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఈ వాకిలి వంతు నేనిస్తా. మీ పట్టీలో నా పేరు రాసుకోండి," అంది కళ్యాణి.

బసవరాజు ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "ఎట్లమ్మా? ఇది ఓనర్ల వంతిగె. బాడిగకుండేవాళ్ళ దగ్గర మేము తీసుకోము, వాళ్ళ ఓనరు ఇస్తాడు. ఓనరుగా ఇచ్చేవాళ్ళకే మీటింగులో మాట ఉండేది. ఇంతకీ నువ్వు బాడిగకుండావా, ఓనరా?"

అతను ఎత్తిపొడవాలని అడగలేదు. పట్టీలో ఎలా రాయాలో తెలియక అడిగాడు. కళ్యాణి గుమ్మం పట్టుకొని ఇటుకల వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

"కనుక్కొని చెప్తా," అంది చివరికి.

రాత్రి భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. సత్యభామ చిక్కుడుకాయ కూర వడ్డించింది. వీరభద్రం తల వంచుకొని కలుపుకుంటున్నాడు. మేస్త్రీ పొద్దున వస్తానన్న కబురు అందరికీ తెలుసు.

"అన్నా, బసవరాజన్న ఒక మాట అడిగినాడు. నాకు జవాబు తెలీలేదు," అంది కళ్యాణి.

"ఏం మాట?"

"నేనీ ఇంట్లో బాడిగకుండానా, ఓనరునా అని."

సత్యభామ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగింది.

"వానికి బుద్ధి లేదు. చెల్లెల్ని పట్టుకొని అడిగే మాటనా అది?" అన్నాడు వీరభద్రం.

"అడిగినాడు కదా, ఏదో ఒకటి చెప్పల్ల. బాడిగకు అంటే నెలనెలా నీకు బాడిగిస్తా, వాకిలి ఉండనీ. ఓనరంటే ఆ మాట నీ నోటితో చెప్పు. రెండూ కాదంటే పొద్దున మేస్త్రీ వచ్చేలోపు మిషను నేనే హాల్లోకి ఎత్తుకొస్తా. నీతో కొట్లాడను."

ఆమె గొంతు పెంచలేదు. కూర ఇంకొంచెం వేయమన్నట్టు వదిన వైపు పళ్ళెం జరిపింది.

"చెల్లెలి దగ్గర బాడిగ తీసుకునేవాడి మాదిరి కనపడతాండానా నేను?" అన్నాడు వీరభద్రం.

"కనపడవు. అందుకే అడుగుతాండా."

వీరభద్రం ముద్ద నోట్లో పెట్టుకోకుండా పళ్ళెంలోనే అటూ ఇటూ తిప్పాడు. సత్యభామ అతని వైపు చూడలేదు. చూస్తే తను గెలవాలనుకుంటోందని అనుకుంటాడని ఆమెకు తెలుసు. వీరభద్రం తలెత్తి కొడుకు వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంది నాయనా?" అన్నాడు నరేశ్. "స్కూల్లో మార్కులు తక్కువొచ్చినప్పుడల్లా నేను అత్త వాకిట్లో నుంచే ఇంట్లోకి దూరేది. ముందు వాకిట్లో నువ్వుంటావు కదా."

సత్యభామ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి పోయి మజ్జిగ తెచ్చింది. వీరభద్రం మజ్జిగ పోసుకొని, అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కొని వచ్చి మళ్ళీ అదే పీట మీద కూర్చున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"పొద్దున మేస్త్రీని రావద్దని చెప్తా," అన్నాడు. ఎవరితో అంటున్నదీ తేలకుండా మధ్యలోకి చూస్తూ అన్నాడు. "సోమవారం పత్రాలు రాసే ఆయన దగ్గరికి పోదాం. పక్క గది, దాని ముందర మెట్లు, కాంపౌండు దాకా ఉండే చోటు కళ్యాణి పేరున రాయిస్తా. నరేశూ, ఆ పొద్దు సెలవు పెట్టు, నువ్వు కూడా సంతకం చెయ్యల్ల. అసోసియేషన్‌లో మనవి రెండు వంతులు. నా పేరొకటి, దాని పేరొకటి. మీటింగుకు కూడా అదే వస్తాది."

చెల్లెలి వైపు చూసి అన్నాడు:

"కొళాయి మాత్రం ఉమ్మడి."