వెల్డింగ్ గీత

పైపు ఇంకా గోరువెచ్చగా ఉండగానే దాని మీద అరచేయి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది గీతత్త. రేకును గుండ్రంగా చుట్టి, అంచులు రెండూ కాల్చి అతికితే పైపవుతుంది. ఆ అతుకు గీతను తడిమి చూడటమే ఆవిడ పని. అందుకే మిల్లులో ఆ పేరు పడిపోయింది, అసలు పేరు ఆవిడే మర్చిపోయేటట్టుంది. చేతికి వేడి తెలియడం ఎప్పుడో మానేసింది గానీ, వెంట్రుకంత గరుకున్నా దొరికిపోతుంది.

మొదట వచ్చింది ఊడ్చే పనికి. ఊడుస్తూ ఊడుస్తూ ఒక పైపు దగ్గర ఆగి, ఇక్కడేదో చేతికి తగులుతోంది మేస్త్రిగారూ అన్నదట. ఆ మేస్త్రి మంచివాడు, చీపురు లాక్కుని ఈ పనిలో నిలబెట్టాడు. పెళ్లి నాటికే మొగుడికి మొదటి భార్య బిడ్డ ఉంది. ఈ అతుకుల కాపురం ఎన్నాళ్లులే అని ఇరుగుపొరుగు మూతులు తిప్పుకున్నారు. మొగుడు కాలం చేశాడు. ఆ పిల్ల మాత్రం ఆవిడ కొంగు వదల్లేదు. ఇప్పుడు అదే మిల్లులో పైపుల్లోకి నీళ్లెక్కించి ఒత్తిడి పరీక్ష చేసే పంపు దగ్గర కొత్తగా చేరింది.

ఆ రోజుతో గీతత్త కొలువు ఆఖరు. ఆ సంగతి ఎవరికి గుర్తుంది? కొత్త ఫ్యాక్టరీ వాళ్ల ఇంజనీరమ్మ పైపులు చూడ్డానికి వచ్చింది. ఆవిరికీ, నీళ్లకీ కూడా సీమ్‌లెస్సే, అంటే అతుకే లేకుండా నిండు కడ్డీని తొలిచి సాగదీసిన పైపే కొంటామంటే ఈ మిల్లు మూతపడినట్టే. ముసలిదాని మాటకేం, పిల్ల రోడ్డున పడుతుంది.

ఇంజనీరమ్మ మర్యాదగానే అడిగింది. ఎప్పటికైనా అతికిన చోటే కదా ఊడేది అని.

"ఆవిరికి సీమ్‌లెస్సే కొనుక్కోండమ్మా, ఆ వేడికి మాది పెట్టమని నేను చెప్పను" అంది గీతత్త. "నీళ్లకి మాత్రం మాది చాలు. నమ్మకం లేకపోతే మీ చేత్తోనే ఒకటి ఎంచండి. పగిలేదాకా నింపుదాం."

మిల్లు మేనేజరు మొహం మాడిపోయింది. రోజూ చేసే పరీక్షలో పైపు ఒత్తిడికి తట్టుకుంటే చాలు, అక్కడితో ఆపేస్తారు. పగలగొట్టుకు చూపించడం ఎవరైనా చేస్తారా? ఇంజనీరమ్మకు మాత్రం ఆ మాట నచ్చింది. కుప్పంతా కలియదిరిగి, అడుగున తుప్పు పట్టి ఉన్నదాన్నే ఏరింది. కొసలు బిగించి, నీళ్లు నింపి, అందరూ ఇనుప తెర వెనక్కి చేరారు.

పంపు మీద చెయ్యి వేసి పిల్ల ఆగిపోయింది. "పిన్నీ, అతుకు దగ్గర పోతే?"

"పోతే ఇన్నేళ్లూ గాలిని తడిమాననుకుంటా. నువ్వు తిప్పు."

తిప్పింది. ఒత్తిడి చూపే ముల్లు రోజూ ఆగే గీత దాటింది. ఇంకా దాటింది. పైపు మూలిగింది. మేనేజరు చెవులు మూసుకున్నాడు. ఉన్నట్టుండి ఫెడేల్‌మంది; నీళ్లు కప్పుకెగిరి అందరి నెత్తిన కురిశాయి.

ముందు పరిగెత్తింది ఇంజనీరమ్మే. వంగి చూసి, నెమ్మదిగా లేచింది. పైపు పొట్ట ఉబ్బి, అతుక్కి అవతలి వైపు, మామూలు రేకున్న చోట చీలింది.

"నీళ్లకి మీదే" అంది, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

షెడ్డంతా ఈలలు. మేనేజరు తడిసిన చొక్కాతోనే అందరికీ టీ చెప్పాడు. పిల్ల పిన్నిని చుట్టేసుకుని వదలదే. "వదలవే, ఊపిరాడటం లేదు, నేనేం పైపునా" అని ఆవిడ కసిరింది. పగిలిన ముక్క గుర్తుగా ఇంటికి పట్టుకెళ్లమన్నారు. అంత లావుది మా గుమ్మంలో పట్టాలంటే నేను బయట పడుకోవాలి అని నవ్వించింది. ఆ గోలలో చేతులు కడుక్కుని, పిల్లకి పొద్దుపోకుండా రమ్మని చెప్పి, ఎండ ఉండగానే గేటు దాటింది. ఎవరూ చూడలేదు.

షెడ్డులో రెండు దిమ్మల మీద ఆ పైపు, పొట్ట చీలి, నీళ్లు కారుతూ. దాని వీపున ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కుచెదరని గీత.