వదినను చూసి నేర్చిన సర్వీసు

ఆ లాండ్రీలో అందరూ ఆమెను ఇస్త్రీ పిన్ని అనేవాళ్లు. కాలరు మీద చిన్న ముడత కనిపించినా ఒప్పుకోని మనిషి, వాలీబాల్ దగ్గర మాత్రం వట్టి దద్దమ్మ. ఆమె సర్వీసు చేస్తే బంతి వల దాకా కూడా పోదు, పక్కన కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుంది. అయినా ఆడాలని ఒకటే తపన. పెళ్లయ్యాక ఆమె తనకోసం కోరుకున్నది ఇదొక్కటే, పాపం!

లాండ్రీ జట్టు కెప్టెను స్వయానా ఆమె పెద్దాడపడుచు. ఉతికే మిషన్ల దగ్గర పని. చుట్టరికం చూసి కనికరించే రకం కాదు.

"ఆదివారం ఒక్క సర్వీసు వల దాటించావా, ఆరో మనిషివి నువ్వే. లేదంటే మంచినీళ్లు అందిద్దువుగాని" అని తేల్చేసింది.

"అయితే నేర్పు వదినా!"

"బంతి ముట్టుకోకు. నేను వేస్తుంటే చూడు. ఇంటికెళ్లి కళ్లు మూసుకుని మళ్లీ చూడు."

ఇదెక్కడి చోద్యం! ఈత వచ్చేదాకా నీళ్లలో దిగొద్దన్నట్టుంది. అయినా పిన్ని రోజూ కళ్లప్పగించి చూసింది. మొదట్లో కళ్లు మూస్తే వదినే కనిపించేది. ఆ మాటే వెళ్లి చెప్పింది.

"నన్ను చూసుకుని ఏం లాభమే? ఆ గీత దగ్గర నువ్వు నిలబడాలి" అని వదిన కసిరింది.

సరేనని తనే నిలబడింది. ఊహలో కూడా బంతి వలకే తగిలేది, ఖర్మ! పట్టు వదల్లేదు. మోకాళ్లు వంచడం, బంతి ఎగరేయడం, చెయ్యి ఊపడం, అరచేతికి చురుక్కుమనడం, అన్నీ వదినలాగే చేసుకుంటూ పోయింది. ఇస్త్రీ చేస్తుండగా ఒక మధ్యాహ్నం ఊహలో బంతి వల దాటింది. ఆ సంబరంలో ఎవరిదో దిండు గలేబు మాడ్చేసింది కూడా.

ఆదివారం గీత దగ్గరికి వెళ్లి నిలబడింది. కళ్లు మూసి ఒకసారి చూసుకుంది. తెరిచి కొట్టింది.

బంతి వల మీంచి దర్జాగా వెళ్లి అవతల పడింది.

"ఓసి నీ దుంపతెగ! ఎడమచేత్తో కొట్టావేమే? నీది కుడిచేతి వాటం కదా!" అంది వదిన.

పిన్ని తన చేతులు చూసుకుని బిత్తరపోయింది. వదినది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. ఈవిడ చూసింది చూసినట్టు దించేసుకుంది మరి!

"అదేంటో, నాకూ ఇప్పుడే తెలిసింది వదినా."

అందరూ పడీపడీ నవ్వారు.

"ఏదీ, నీ కుడిచేత్తో కొట్టు చూద్దాం" అంది వదిన.

కొట్టింది. బంతి పోయి వల కింద దూరింది. చేతిదాకా వచ్చిన చోటు పోయినట్టేనని పిన్ని మొహం మాడిపోయింది.

వదిన వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"ఎందుకే ఆ దిగులు? ఆ చెయ్యి ఇస్త్రీకి ఉంచుకో. ఈ చెయ్యి జట్టుకిచ్చెయ్."