నాలుగింటి నీడ

తాడు చుట్టి భుజాన వేసుకున్నాక యలమందకి గునపం గుర్తొచ్చింది. మళ్ళీ తెనాలి గోడౌను లోపలికి వెళ్ళి, దాన్ని కూడా తెచ్చి ట్రాలీ ఆటోలో సోలారు పలకల పక్కన పెట్టాడు. ఫోనులో ఏదో చూసుకుంటున్న ఇంజనీరు మనీషా తలెత్తింది.

"డాబా మీద గునపంతో పనేంటి బాబాయ్?"

"ఉండనీ అమ్మా. అన్నం అడగదుగా."

ముప్పై నాలుగేళ్ళుగా ఆ గునపం లేకుండా అతను పనికి వెళ్ళింది లేదు. వేమూరు, చుండూరు పొలాల్లో నిలబడ్డ కరెంటు స్తంభాల్లో సగానికి గుంటలు తవ్వింది తనేనని చెప్పుకునేవాడు. సగం కాకపోయినా పావు వంతు నిజమే. ఆ పనులు చేయించే కాంట్రాక్టరు రవిశంకర్ గారు రెండేళ్ళ కిందట గాలి ఎటు మళ్ళిందో కనిపెట్టి, బోర్డు మీద స్తంభం బొమ్మ చెరిపించి సూర్యుణ్ణి వేయించారు. పన్నెండు మంది స్తంభాల ముఠాలో మిగిలింది యలమంద ఒక్కడే. బాపట్ల దగ్గర కర్లపాలెంలో పదెకరాల సోలారు పని సోమవారం మొదలవుతుంది. దానికి తననీ తీసుకుంటారా అని నిన్న అడిగాడు. రేపల్లెలో డాబా ఎక్కి దిగగలిగితే చూద్దాం అన్నారాయన. 'చూద్దాం' అంటే ఏమిటో తెలియనంత అమాయకుడు కాదు యలమంద.

పని లేకపోతే అతను కాలుగాలిన పిల్లి. ఆదివారాలు కూడా గోడకున్న మేకులు పీకి, వంకరలు తీసి, మళ్ళీ అక్కడే కొట్టే రకం. "ఒక్కరోజు కుదురుగా కూర్చోవయ్యా, కళ్ళారా చూస్తా" అనేది భార్య నాగమల్లేశ్వరి. కూర్చుంటే తను తను కాదని అతని భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

రేపల్లెలో ఇల్లు కోటిరత్నానిది. ఆమెది చేపల వ్యాపారం. కింద గదిలో మూడు ఫ్రీజర్లు రాత్రీపగలూ గురగురలాడుతుంటాయి. ఆమె దేనికైనా సర్దుకుంటుంది గానీ వాస్తు దగ్గర చీమంత కూడా జరగదు. బరువేదైనా నైరుతిలోనే ఉండాలి. నీళ్ళ ట్యాంకు ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి, పలకలు కూడా దాని పక్కనే పెట్టాలని పట్టుబట్టింది. మండుటెండలో సర్వేకి వచ్చిన మనీషాకి అక్కడ నీడన్నదే కనిపించలేదు. సరేనని గీత గీసుకుని వెళ్ళింది.

పదకొండు గంటలకల్లా ఇద్దరు ఫిట్టర్లు పలకల స్టాండుకి నాలుగు కాళ్ళు బిగించేశారు. యలమంద పలకలు మోశాడు. మూడో పలకకి మెట్ల మలుపులో ఆగి ఎడమ భుజం రుద్దుకున్నాడు. రాత్రి తిన్న శనగపప్పు చేసిన పనేనని దాన్ని తిట్టుకుని, ఎవరూ చూడలేదని రూఢి చేసుకుని, మళ్ళీ ఎత్తుకున్నాడు.

మధ్యాహ్నం ట్యాంకు నీడలో క్యారేజీ విప్పాడు. నాలుగు ముద్దలు తినేసరికి ఎండ మోకాలి మీదికి వచ్చింది. జరిగాడు. మళ్ళీ వచ్చింది. పొలాల్లో స్తంభం నీడలో తినేటప్పుడు ముఠా అంతా ఇలాగే గిన్నెలతో సహా జరుగుతూ ఉండేవాళ్ళు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నీడ ఎటు పోతోందో చూశాడు. అది తిన్నగా పలకల చోటుకే పోతోంది.

చెప్తే పని మొదటికొస్తుంది. ముసలాడు అడ్డం పడ్డాడన్న మాట రవిశంకర్ గారి చెవిన పడుతుంది. సోమవారం మీద ఆశ వదులుకోవాల్సిందే. చెప్పకపోతే సాయంత్రానికి హాయిగా తెనాలిలో ఉండొచ్చు. చెయ్యి కడుక్కుని పిట్టగోడ వెంట మూడుసార్లు తిరిగాడు. తాడు విప్పి మళ్ళీ చుట్టాడు. చివరికి సిమెంటు దుమ్ము పట్టిన ఒక సగం ఇటుక తీసుకుని, మూడో పలక రావలసిన చోట పెట్టాడు.

"అమ్మా, నాలుగింటికి నీడ ఇక్కడికి వచ్చుద్ది."

"ఫోనులో యాప్ నీడ చూపించలేదు బాబాయ్."

"నువ్వొచ్చింది వైశాఖంలో. సూరీడు నడినెత్తినుంటాడు. ఇప్పుడు మార్గశిరం, దక్షిణంగా దిగి నడుస్తాడమ్మా."

మనీషా ఫోనులో తేదీ మార్చి చూసింది. ముఖం చిన్నబోయింది. ఒక్క పలక మీద నీడ పడితే వరసంతా నీరసపడుతుందని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. రవిశంకర్ గారికి ఫోను చేసి తప్పు తనదేనని చెప్పింది. ఆ పిల్ల నిజాయితీకి యలమందకి కడుపు నిండింది. ఏం చేసినా ఇవాళే ముగించి రమ్మన్నారాయన. పలకలు తూర్పు వైపు ఆగ్నేయానికి జరపాలంటే కోటిరత్నం ససేమిరా అంది.

"అక్కా, ఆగ్నేయం అగ్నిది. నీ పొయ్యి కూడా ఆ మూలే గదా. కరెంటు మాత్రం అగ్ని కాదా?" అన్నాడు యలమంద.

కోటిరత్నం అదీ నిజమేనంటూ కిందికి వెళ్ళిపోయింది.

బిగించినవన్నీ విప్పారు. సిమెంటు దిమ్మెలు ఆ చివర నుంచి ఈ చివరకి యలమందే మోశాడు. ఒకరు చెయ్యి వేయబోతే వద్దన్నాడు. ఆరో పలక బిగిసేసరికి నాలుగవుతోంది. ట్యాంకు నీడ మెల్లగా వచ్చి ఇటుకని తాకింది. అతను దాన్ని చూసి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ట్యాంకుకి వీపు ఆనించాడు.

కింద మీటరు తిరగడం మొదలైంది. మనీషా ఫోనులో ఆ వార్త చెప్పగానే రవిశంకర్ గారు సోమవారం యలమందని కర్లపాలెం రమ్మనమన్నారు. ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చింది. అతను కాళ్ళు చాపుకుని, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బాబాయ్ అని పిలిచింది. దగ్గరికి వెళ్ళి మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవలేదు.

తెనాలిలో అతని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక ఆ పిల్ల జరిగిందంతా వరసగా చెప్పుకుపోయింది. నాగమల్లేశ్వరి చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"కూర్చునే ఉన్నాడా అమ్మా?"

గునపం, తాడు అదే ఆటోలో ఇల్లు చేరాయి. కోటిరత్నం రోజూ పొద్దున్నే డాబా ఊడుస్తుంది, ట్యాంకు ముందున్న ఆ సగం ఇటుకని మాత్రం కదపకుండా దాని చుట్టూ ఊడుస్తుంది. దాని మీద సిమెంటు దుమ్ములో పడిన యలమంద బొటనవేలి ముద్ర ఇంకా అలాగే ఉంది.