మూడున్నర సెకన్ల నవ్వు

మామిడి గుజ్జు వాసన. దాని మీద బీడీ పొగ. ఆ పొగలోంచి తెల్లటి వెలుగు సాగిపోయి, తెర మీద మనుషులైంది.

మనుషులు నవ్వుతున్నారు.

1999 జూన్. బంగారుపాళ్యం రోడ్డు పక్కన సుందరరాజు టూరింగ్ టాకీసు. బయట మామిడి లారీల బారు. డేరా లోపల గుజ్జు ఫ్యాక్టరీలో పని దిగి వచ్చిన జనం... ఎంత తోమి కడిగినా చేతుల వాసన పోని జనం. కార్గిల్ కొండల్లో యుద్ధం నడుస్తోంది. ఇక్కడ అసలు సినిమాకు ముందు పాత యుద్ధం ఒకటి నడుస్తోంది. సగం మంది దానికోసమే వస్తున్నారు.

డెబ్బై ఒకటి నాటి న్యూస్‌రీలు అది. సరిహద్దులో ఎక్కడో రెండు ట్రక్కుల మధ్య దుప్పటి కట్టారు. జవాన్లకు హుషారు రావాలని బొమ్మల సినిమా వేస్తున్నారు. బొజ్జ వేలాడేసుకున్న శత్రు సేనాపతి. ఒక ఎలుక అతని మీసం పట్టుకుని లాగుతుంది. కెమెరా వెంటనే జవాన్ల వైపు తిరుగుతుంది.

మూడో వరసలో మునెయ్య.

మునెయ్య నవ్వుతాడు.

ముందు పెదవులు కదులుతాయి... నోరు తెరుచుకుంటుంది... తల వెనక్కి పోతుంది... అరచేత్తో కళ్లు తుడుచుకుని పక్కవాడి భుజం మీదికి వాలిపోతాడు. మూడున్నర సెకన్లు. ఫిలిం మీద సెకనుకు ఇరవైనాలుగు చొప్పున ఎనభై నాలుగు బొమ్మలు. ఆపరేటరు ఏబెల్ ఎప్పుడో లెక్కపెట్టి పెట్టుకున్నాడు.

మునెయ్య పెళ్లాం నాగులమ్మ. ఆ ఏడు డిసెంబరులోనే ఆమెకు టెలిగ్రాం వచ్చింది. మనిషి పోయాడని రాశారు, ఎలా పోయాడో రాయలేదు. శవం రాలేదు. ఇంట్లో ఫొటో అన్నా లేదు. ఉన్నదల్లా ఆమె కళ్లలో ఉన్నదే, అదీ ఏడ్చి ఏడ్చి మసకబారుతోంది.

రెండు నెలలకు ఈ న్యూస్‌రీలు ఈ డేరాకే వచ్చింది. నేల టికెట్టులో కూర్చున్న నాగులమ్మ దిగ్గున లేచింది.

"మా ఆయప్ప! అదో సూడండి... మా ఆయప్ప నవ్వతా ఉండాడు!"

చచ్చిపోయిన రెండు నెలలకు నవ్వుతున్నాడు.

ఆ వారమంతా ఆమె వచ్చింది. వారం అయ్యాక రీలు పెట్టె మద్రాసుకు తిరిగిపోవాలి. ఏబెల్ కాలిపోయిందని చీటీ రాసి పంపి, రీలును తన ట్రంకుపెట్టెలో దాచేశాడు. చర్చికి పోయే మనిషి. ఆ ఆదివారం తల ఎత్తలేదు. ఆ పై ఆదివారం ఎత్తాడు.

అప్పటినుంచి ఏటా డిసెంబరులో ఒక్కసారి, ఒక్క ఆట ముందు, ఆమె కోసం వేసేవాడు. ఆమె ఆ నవ్వు చూసి లేచి ఇంటికి పోయేది. అసలు సినిమా ఏదో ఎన్నడూ చూడలేదు. అలా ఇరవై ఏడు డిసెంబర్లు. ఆమె జుట్టు నెరిసింది. మునెయ్యకు ఒక్క వెంట్రుక నెరవలేదు.

ఇప్పుడీ ఎండాకాలం యుద్ధం వచ్చింది. సుందరరాజుకు రీలు గుర్తొచ్చింది.

"ఏబెలూ, ఆ జవాన్ల రీలు తియ్యప్పా. దినామూ రెండాటలకూ వెయ్యి. జనం ఊగిపోతారు సూడు."

ఏబెల్ కాదనలేదు. కాదనకపోవడమే కాదు, మొదటి రోజు ఆ ఈలలు, చప్పట్లు విని పొంగిపోయాడు. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు అతనికి ఒళ్లంతా సిగ్గేస్తుంది.

పాత ఫిలిం. ఎండి పెళుసెక్కిన ఫిలిం. మూడో రోజు తెగింది.

సరిగ్గా మునెయ్య దగ్గరే తెగింది.

తెగితే చిరిగిన బొమ్మలు కత్తిరించాలి. కొసలు గీకి, సిమెంటనే జిగురు పూసి అతికించాలి. అతికించిన ప్రతిసారీ ఎనిమిదో తొమ్మిదో బొమ్మలు పోతాయి. మర్నాడు ఆ అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. మళ్లీ కత్తెర... మళ్లీ సిమెంటు...

పక్కవాడి భుజం పోయింది.

కళ్లు తుడుచుకోవడం పోయింది.

తల వెనక్కి పోవడం పోయింది.

జనం గమనించలేదు. నోరు తెరిచిన జవానును చూసి ఈలలు వేశారు, టోపీలు ఎగరేశారు. ఫ్యాక్టరీ నుంచి రోజూ తిన్నగా డేరాకే వస్తున్న నాగులమ్మ మాత్రం గమనించింది.

పన్నెండో రోజు ఆట మొదలు కాకముందే మెట్లెక్కి ఆపరేటరు క్యాబిన్‌కు వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి రావడం అదే మొదలు.

"అన్నా, ఆయప్ప కండ్లు తుడుసుకునేది యాడికి పోయిందన్నా?"

ఏబెల్ తల దించుకున్నాడు.

"తెగిపోతా ఉండాది నాగులమ్మా. అతికించినప్పుడల్లా రోంత పోతాది."

"పోయింది యాడుండాది?"

కత్తిరించిన ముక్కలు అతను పారెయ్యలేదు. అన్నీ ఒక బిస్కట్ డబ్బాలో వేసి ఉంచాడు. డబ్బా తెరిచి, ఒక ముక్క తీసి, బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు. నాగులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని దగ్గరికి వంగింది. గోరంత మునెయ్య. కదలని మునెయ్య.

చాలాసేపు చూసింది.

"నవ్వడం లేదే అన్నా."

"నవ్వతానే ఉండాడు. సరింగా సూడు."

"లేదన్నా... అరస్తా ఉండాడు."

ఏబెల్ ముక్కను తన వైపు తిప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ముక్కలు కత్తిరించేటప్పుడు ఫిలిం అంచు రంధ్రాలనే చూశాడు గానీ, మొహం చూడలేదు. తెరుచుకున్న నోరు. గట్టిగా మూసుకున్న కళ్లు. మెడ మీద తేలిన నరాలు. ముందూ వెనకా బొమ్మలు లేకుండా చూస్తే కనిపించేది ఇదే. అది నవ్వు అని చెప్పడానికి దాంట్లో ఏమీ లేదు. ఏబెల్‌కు భయమేసింది.

"ఎట్ల సచ్చిపోయినాడో నేను ఎవుర్నీ అడగలేదన్నా," అంది నాగులమ్మ. "అడిగితే ఏం చెప్తారో అని బయం. నవ్వు ఉండాది గదా, అది చాల్లే అనుకునింటి. ఇంక వెయ్యొద్దు. ఉండేదన్నా ఉండనీ."

వెయ్యనని ఏబెల్ మాటిచ్చాడు. అప్పటికి మిగిలినవి పదకొండు బొమ్మలు. అర సెకను కూడా లేదు.

రీలు కాలిపోయిందని కిందికి పోయి సుందరరాజుకు చెప్పాడు. రెండోసారి అదే అబద్ధం. సుందరరాజు నాలుగు తిట్లు తిట్టి, అసలు సినిమా మొదలుపెట్టమన్నాడు. జనం ఒప్పుకోలేదు. జవాన్లు కావాలని కేకలు... కాళ్లతో నేలను తన్నడం... దుమ్ము లేచింది. ఏబెల్ క్యాబిన్‌లోకి వచ్చి ప్రొజెక్టరు లైటు వేశాడు. తెర తెల్లగా వెలిగింది.

గోడకున్న కన్నంలోంచి కిందికి చూశాడు.

నాగులమ్మ ఇంటికి పోలేదు. టికెట్టు కొనుక్కుని, ఎప్పటి చోటే, ముందు వరసలో కూర్చుని ఉంది. వద్దన్నది ఆమే. మరెందుకు కూర్చుందో ఏబెల్‌కు అంతుపట్టలేదు. పెట్టెలోంచి రీలు తీశాడు. మళ్లీ పెట్టెలో పెట్టాడు. మళ్లీ తీశాడు.

కింద నాగులమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. ఖాళీ వెలుగు ఆమె నెత్తి మీదుగా పోతోంది. కన్నం వైపు మొహం ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకుంది.

ముక్కలోని మునెయ్యలాగే నోరు తెరిచింది.

ఆ గోలలో గొంతు వినబడలేదు. పిలుస్తోందో... నవ్వుతోందో... అరుస్తోందో...

ఏబెల్ చేతిలో రీలు పట్టుకుని, ఆమె మొహం మీద తర్వాతి బొమ్మ కోసం చూస్తూ నిలబడ్డాడు.